బొట్టు పెట్టిన డిస్క్

పెళ్ళిచూపుల్లో నేను మా ఆయన్ని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మీరు గేములు ఆడతారా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "ఆడను. పక్కన కూర్చుని చూడమంటే మాత్రం ఎంతసేపైనా చూస్తాను" అన్నాడు. ఇంతకంటే మంచి సంబంధం గూడూరు నుంచి తిరుపతి దాకా జల్లెడ పట్టినా దొరకదని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది.

గూడూరులో మా ఇంట్లో ఉన్నప్పుడు నా గేములన్నీ డిస్కులే. మా నాయనది నిమ్మకాయల వ్యాపారం. కాయను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప ఆయన నోట్లోంచి ధర రాదు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. చేతికి తగలనిది కొంటే కొన్నట్టే ఉండేది కాదు. కొత్త డిస్క్ వస్తే పైనున్న ప్లాస్టిక్ కాగితం గోటితో చింపి, పెట్టె తెరిచి వాసన చూసి, మెరిసే వైపు నా మొహం చూసుకుని, ఆ తరువాతే గేములాడే మిషన్‌లో పెట్టేదాన్ని. నేను ఆడేశాక మా పిన్ని కూతురు పట్టుకుపోయేది. డౌన్‌లోడ్ చేసుకునే వాళ్ళను చూస్తే నాకు నవ్వు. "ఏం కొనుక్కున్నారు, గాలినా?" అని ఏడిపించేదాన్ని.

అంత గొప్పలు పోయిన నేను, పెళ్ళయి చిత్తూరు పక్కకొచ్చిన నెలకే పార్టీ మార్చేశాను.

దానికి కారణం మా మామయ్య జేబులోని కత్తెర. ఆయన రిటైరయ్యాక పార్సిళ్ళు విప్పడాన్ని ఉద్యోగంగా పెట్టుకున్నారు. పెట్టె మీద ఎవరి పేరున్నా సరే, విప్పే హక్కు ఆయనదే. నేను తెప్పించుకున్న జడ క్లిప్పులను కూడా ఒక్కొక్కటే నొక్కి చూసి, "స్ప్రింగు గట్టిదే" అని సర్టిఫికెట్ ఇచ్చారు. నేను ఏళ్ళ తరబడి ఎదురు చూస్తున్న ఓడల గేమ్ రెండో భాగం సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. డిస్క్ తెప్పిస్తే అది ముందు ఆ కత్తెర దగ్గరికే పోతుంది. అక్కణ్ణుంచి అత్తమ్మ చేతికి పోతుంది.

అసలు సంగతి అత్తమ్మే. కొత్త కోడలు పగలంతా ల్యాబులో రక్తపరీక్షలు చేసి, అందరి చేతా మేడమ్ అనిపించుకుని, ఇంటికి రాగానే ఓడెక్కి సముద్రపు దొంగల్ని తరుముతుందని తెలిస్తే ఆమె ఏమనుకుంటుంది? నాకు ఆమె అంటే భయం లేదు. ఇష్టం. పొద్దున్నే నా డబ్బాలో నాకు నచ్చిన పొడి వేసి, ఏమీ తెలియనట్టు అటు తిరిగిపోయే మనిషి. ఇప్పుడిప్పుడే కుదురుతున్న ఆ ఇష్టం ఎక్కడ చెడిపోతుందోనని నా గుబులు. పోనీ గేములు మానేద్దామా అంటే, అది నా వల్ల కాదు. అందుకే నా మిషన్ బీరువాలో పట్టుచీరల కింద, కంచిపట్టుకూ ధర్మవరానికీ మధ్య నిద్రపోతోంది.

"డౌన్‌లోడ్ చేసుకో" అని మా ఆయన గుసగుసగా ఉపాయం చెప్పాడు. "పార్సిల్ రాదు, మా నాయన కత్తెర రాదు, ఈ గది దాటి ఎవురికీ తెలీదు."

ఆ మాటకు నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. గాలిని కొంటే ఇంత సుఖం ఉందని నాకు అన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

శనివారం నాకు సెలవు. పొద్దున్నే మిషన్‌ను బీరువాలోంచి తీసి, మా గదిలో ఉన్న ఆయన పాత కంప్యూటర్ మానిటర్‌కు తగిలించాం. బటన్ నొక్కితే దిగడం మొదలైంది. తలుపు దగ్గరగా వేసి, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లంత అమాయకంగా వంటింట్లోకి వెళ్ళాను. అత్తమ్మ ఒక్కపొద్దు. పూజ ముగించుకుని, పసుపు కుంకాల పళ్ళెం ఇంకా చేతిలోనే పెట్టుకుని తిరుగుతోంది. హాల్లో మామయ్య టీవీలో కొండ మీది పూజ ప్రత్యక్షంగా చూస్తున్నారు. ఆ టీవీకి కూడా నెట్టే ఆధారం. ఈ ముక్క మా ఇద్దరికీ తట్టలేదు.

కాసేపటికి హాల్లోంచి మామయ్య కేక వినపడింది. "ఏమే, హారతి ఆగిపోయిండాది!"

వెళ్ళి చూస్తే నిజమే. పూజారి చెయ్యి గాల్లో ఎత్తింది ఎత్తినట్టే ఉంది, దాని మీద ఒక చక్రం గిర్రున తిరుగుతోంది. మామయ్య రెండు చేతులూ జోడించి, హారతి కళ్ళకద్దుకోవడానికి సిద్ధంగా అలాగే కూర్చున్నారు. ఆ చెయ్యి కొంచెం కదిలేది, మళ్ళీ ఆగేది. మామయ్య నమస్కారం కూడా దాంతోపాటే లేచేది, ఆగేది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

మామయ్య ఊరుకునే రకం కాదు. నెట్టు కనెక్షన్ ఇచ్చిన అబ్బాయికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ దులిపేశారు.

"సార్, లైను బాగుండాది" అన్నాడు ఆ అబ్బాయి. "మీ ఇంట్లోనే ఎవురో ఏందో పెద్దది దించుతా ఉండారు. పొద్దున్నించి నెట్టంతా అదే తింటా ఉండాది."

ఎవరికీ కనపడకూడదని చేసిన పని ఇంటిల్లిపాదికీ వినపడేలా బయటపడింది. దీని బదులు పార్సిల్ తెప్పించుకుని ఉంటే కనీసం ఆ నెట్టు అబ్బాయికైనా తెలిసేది కాదు గదా అని నా తల నేనే మొట్టుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక నోరు తెరిచాను.

"నేనే మామయ్యా. గేమ్ ఒకటి దిగతా ఉంది."

"గేమా? యాడికి దిగతా ఉండాది?" అని మామయ్య వీధి గుమ్మం వైపు చూశారు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మిషన్ సంగతి, ఓడల సంగతి, బీరువా సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అత్తమ్మ మొహమే చూస్తున్నాను. ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇన్ని దినాలు దాన్ని పట్టుచీరల కింద పెట్టినావా?"

"అవునత్తమ్మా."

"కొత్త సామాను ఇంట్లోకొచ్చి నెల దాటింది. దానికి బొట్టన్నా పెట్టకుండా చీకట్లో పడేసినావా? ముందు తీసుకురాపో దాన్ని ఈడికి."

ఆ ఇంట్లో బొట్టు పెట్టనిది ఏదీ పని మొదలుపెట్టదని అప్పటికే నాకు అర్థమై ఉండాల్సింది. మిక్సీకి బొట్టు, ఫ్రిజ్‌కి బొట్టు, గ్యాసు పొయ్యికి బొట్టు. మామయ్య కొత్త కళ్ళజోడుకు పెడితే, రెండు రోజులు ఆయనకు లోకమంతా ఎర్రగా కనపడిందట. మా ఆయన పరుగున వెళ్ళి మిషన్ తెచ్చి హాల్లో పెద్ద టీవీకి తగిలించాడు. ఆగిన డౌన్‌లోడ్ మళ్ళీ అందుకుంది. అత్తమ్మ మిషన్ నెత్తిన పసుపు రాసి కుంకం పెట్టింది.

"గేమ్ యాడ?" అంది.

"లోపలుంది అత్తమ్మా. కనపడదు."

"కనపడని దాన్ని ఎట్ల కొంటివి? దానికి బొట్టు యాడ పెట్టేది?"

ఒకప్పుడు నేను అందరినీ అడిగిన ప్రశ్నే అది! నాకు ఆమెను గట్టిగా వాటేసుకోవాలనిపించింది. ఆ ఉత్సాహంలో ఒళ్ళు తెలియక పరుగెత్తి, నా పెట్టెలోంచి ఆ ఓడల గేమ్ మొదటి భాగం డిస్క్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అది నా ప్రాణం. మిషన్ చదివే ఆ మెరిసే వైపు మా పిన్ని కూతుర్ని కూడా వేలు పెట్టనివ్వలేదు.

డిస్క్ మీద ఓడ నడిపే అమ్మాయి బొమ్మ ఉంది. అత్తమ్మ దాన్ని ముచ్చటగా చూసింది. "ఈ పక్క పెడితే పాపం ఈ పిల్ల మొకం పాడైపోతాది" అని డిస్క్‌ను తిప్పి, ఆ మెరిసే వైపు తడి పసుపు నిండుగా రాసి, నడుమ కుంకం బొట్లు పెట్టింది.

నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. కానీ ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. నా కోసం ఏదో మొక్కుకుంటోంది. నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. పోతే పోనీ అనుకున్నాను.

"పెట్టు, సూద్దాం" అంది.

ఫ్యాన్ కింద ఆరబెట్టి, గుండె దిటవు చేసుకుని మిషన్‌లోకి తోశాను. అది గర్రుమంది. మళ్ళీ గర్రుమంది. డిస్క్ చదవలేకపోతున్నానని తెర మీద ఇంగ్లీషులో మొర పెట్టుకుంది. అత్తమ్మకు ఆ అక్షరాలు తెలియవు గానీ మా మొహాలు చదవగలదు.

"పలకలేదా?" అంది. ఆమె గొంతు తగ్గిపోయింది. "శనివారం పూట నా చేత్తో పెట్నానే."

ఆ మొహం చూడలేకపోయాను. మా ఆయన నా మోచేతిని పొడిచి, కళ్ళతోనే టీవీలో ఒక మూల చూపించాడు. పొద్దున్నించి దిగుతున్న రెండో భాగం చివరికి వచ్చేసింది.

"పలుకుతుంది అత్తమ్మా. కొంచెం వేడెక్కాలి, అంతే" అన్నాను.

అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దిగడం పూర్తయింది. బటన్ నొక్కాను. డోళ్ళు మోగాయి, టీవీ నిండా సముద్రం పొంగింది.

"అబ్బా! ఎన్ని నీళ్ళో!" అని మామయ్య సోఫాలో ముందుకు జరిగారు. "ఇందులో సగం మన చిత్తూరు పక్కకు తోలినా చాలు గదప్పా."

"సూస్తిరా?" అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "బొట్టు పెడితే ఎందుకు పలకదు!"

మా ఆయన ఏదో అనబోయాడు. నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను. నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. ఆగితే ఎక్కడ పక్కున బయటపడుతుందోనని, "మామయ్యా, మీరు పూజ చూసుకోండి. నేను మీరంతా పడుకున్నాక ఆడుకుంటాలే" అంటూ రిమోట్ అందుకోబోయాను.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేం పడుకున్నాక ఎందుకు? నీ ఇంట్లో నువ్వు ఆడుకునేదానికి దాక్కోవల్లా?" అని నా పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చుంది. "కానీ, నడుపు. ఆ రాయికి తగుల్తా ఉండాది, సూసుకో."

ఓడ పోయి నిజంగానే ఆ రాయికి గుద్దుకుంది. కళ్ళ నిండా నీళ్ళు కమ్ముకుని, నాకు ఆ రాయి కనపడలేదు.