పైపెదవి దగ్గర ఆగిన గీత

పోయిన వారం మా కోడలిని మూడో నెల స్కానింగ్‌కు మాదన్నపేట మార్కెట్ అవతలి సెంటర్‌కు తోలుకపోయిన. ముప్పై ఏండ్లు ప్రసూతి వార్డుల నర్సుగ చేసినదాన్ని, నాకు కొత్తగ చూసేదేముంటదని ధీమాగ కూసున్న. తీరా డాక్టరమ్మ ఏదో మీట నొక్కంగనే తెర మీద మట్టిరంగు మొహం ఒకటి ఇటు తిరిగింది. మూసుకున్న కండ్లు, బొడిపె లాంటి ముక్కు, ఇంత గదువ. బొటనవేలంత పిండానికి అప్పుడే మొహమా! ఆమె ఆ మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ముక్కు ఎముక నుంచి గదువ దాక గీతలు గీసుకుంట కొలుస్తున్నది. పైపెదవి దగ్గరికొచ్చి ఆగింది. చెరిపి మళ్ల కొలిచింది. మూడోసారి కొలిచినప్పుడు ఏదో తేడా ఉన్నదని నాకు సమజైంది. పెదవి చీలినట్టు అనుమానముందని, ఇంకొన్ని వారాలయినంక మళ్ల చూస్తెగాని ఖాయంగ చెప్పలేనని, ఉన్నా పుట్టినంక ఆపరేషన్‌తోని సరి చేయొచ్చని మెల్లగ చెప్పింది. కోడలు నా చెయ్యి పట్టుకున్నది.

మా కాలంల ఇవన్నీ యాడున్నయి? నేను మొఘల్‌పుర ప్రసూతి దవాఖానల కొత్తగ డ్యూటీల చేరిన రోజులల్ల కడుపు మీద అరచెయ్యి పెట్టి తల ఎటున్నదో చూసుడు, గొట్టానికి చెవి ఆనించి గుండె చప్పుడు వినుడు, గంతే. లోపలి మొహం దేవునికే ఎరుక. గట్ల ఒకనాడు ధూల్‌పేట్ నుంచి ఒకామె తొలి కాన్పుకు వచ్చింది. ఇంట్ల వినాయకుని బొమ్మలు చేస్తరట, కండ్లు, పెదవులు దిద్దే పని ఆమెదేనట, నొప్పుల మధ్య కూడ గదే ముచ్చట. ఆడపిల్ల పుట్టింది. పైపెదవి ముక్కు దాక చీలి ఉన్నది. గసొంటిది నేనెన్నడు చూడలే. నా నోట్లకెల్లి 'అయ్యో' అని కేక పడ్డది. ఆ ఒక్క మాటకు ఆ తల్లి మొహం ఎట్ల పాలిపోయిందో ఇప్పటికీ నా కండ్లల్ల మెదులుతది.

బిడ్డ మొహాన్ని గుడ్డ చాటుకు తిప్పుకొని, తల్లికి చూపియ్యకుండ పక్కకు తీసుకపోయిన. ఈమె గ్రహణం నాడు బయట తిరిగినందుకే గిట్లయిందని వాళ్లత్త లొల్లి మొదలుపెట్టింది. ఆ తల్లి మంచం దిగి, తూలుకుంట వచ్చి, గుడ్డ తనే తీసింది. పెదవి మీద వేలు పెట్టి నిదానంగ చూసింది.

"గింత దానికా సిస్టరమ్మా, నా బిడ్డను దాచిన్రు? పాలెట్ల తాపాలెనో చెప్పున్రి, దానికి ఆకలైతున్నది."

సిగ్గుతోని నాకు తల లేవలే. చెంచాతోని కొంచెం కొంచెం తాపుడు పెద్ద సిస్టర్ చూపిస్తే, ఆ తల్లి, నేను కలిసే నేర్చుకున్నం. కొన్ని నెలలకు పెద్ద దవాఖానల బిడ్డ పెదవి కుట్టిపిచ్చి, ఎత్తుకొని వార్డుకు వచ్చి ముందు నాకే చూపిచ్చింది.

ధైర్యమొస్తదని గిదంత కోడలికి చెప్పిన. అంతా విని, కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "ఆమెకు బిడ్డ చేతిల ఉండె కద అత్తమ్మా" అన్నది.

నిజమే. ఆ తల్లికి తెలిసిన గడియల్నే పాలు తాపే పని పడ్డది, ఫికర్ చేసే తీరిక లేకుండె. ఇప్పుడు అన్నీ ముందే తెలుస్తున్నయి, డాక్టర్లు తయారుగ ఉంటరు, అది మంచిదే. కాని తెలిసినంక బిడ్డను ఎత్తుకోవాలంటే ఇంకా ఆరు నెలలు ఆగాలె. ఆ ఆరు నెలలు ఒక తల్లిని ఎట్ల ఓదార్చాలెనో మాకు ఎవ్వరూ నేర్పలే.