ఒకే మైకు ముందు అమ్మా, పెద్దమ్మా

కిందటి నెల నరసరావుపేటలో చెవిమిషను పెట్టించుకున్నాను. అప్పటి నుంచి నాకు ఒక చోట కుదురు లేదు. వంటింట్లో తాలింపు చిటపట, పక్కింటి గేటు కిర్రుమనడం, కూరగాయల సంచి నలిగిన చప్పుడు, ఇన్నేళ్ళుగా నన్ను వదిలేసి పోయినవన్నీ ఒక్కసారిగా మీద పడితే, ఈ గదిలోంచి ఆ గదిలోకి, అక్కడి నుంచి వీధి గుమ్మంలోకి తిరుగుతూనే ఉన్నాను. మిషను పెట్టిన అమ్మాయి మా అమ్మాయి ఈడుదే. తెర నా వైపు తిప్పి, ఇది అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచదు అంకుల్, లావు శబ్దాలు వేరుగా, సన్నవి వేరుగా విడగొట్టి, పెంచాల్సిన దాన్ని పెంచి అణచాల్సిన దాన్ని అణుస్తుంది అని ఓపిగ్గా చెబుతుంటే, తెర మీద పక్కపక్కనే లేచి పడుతున్న ఆ పట్టీలను చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆ పట్టీలు నాకు కొత్త కాదు. వాటి ముందు కూర్చునే నేను నా ఉద్యోగ జీవితం మొదలుపెట్టాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెళ్ళయినా పేరంటమయినా ఊళ్ళో ముందు మైకు సెట్టు బండి దిగేది. నరసరావుపేటలో అలా మైకు సెట్లు అద్దెకిచ్చే సాయిబు గారొకాయన మా నాన్నకు స్నేహితుడు. నేను ఆయన్ను బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. కాలం మారుతోందని ముందే కనిపెట్టి, దుకాణం వెనక గదికి పాత పరుపులూ గోనెపట్టాలూ కొట్టించి, ఒక కంప్యూటరూ ఒక మంచి మైకూ తెచ్చి రికార్డింగు గది తెరిచాడు. నన్ను హైదరాబాదు పంపి కొన్నాళ్ళు పని నేర్పించాడు. భజన పాటలు, చర్చి పాటలు, ఎరువుల కొట్ల ప్రకటనలు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. గొంతూ వాయిద్యాలూ కలిపేశాక, క్యాసెట్టుకో సీడీకో ఎక్కించే ముందు పాటను చివరిసారి సరిచేసే పనికి మాస్టరింగ్ అని పేరు. అది నా వంతు.

ఆ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మల్టీబ్యాండ్ కంప్రెసర్ అనే పరికరం. శబ్దం మరీ లేస్తే అణిచే మామూలు కంప్రెసరుకు పాటంతా ఒకే గిన్నె. డోలు గట్టిగా మోగితే మంట తగ్గిస్తుంది, దాంతోపాటు పాపం గొంతూ తగ్గిపోతుంది. మల్టీబ్యాండ్‌లో పొయ్యిలు వేరు. మంద్రం, మధ్యమం, తారం అని పాటను పొరలు చేసి, ఏ పొర పొంగితే దాని కిందే మంట తగ్గిస్తుంది. ఏ మట్టం దాటితే అణచాలి, ఎంత అణచాలి, అణచినదాన్ని ఎంతసేపటికి వదలాలి, ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. చెప్పడానికి ఇంతే గానీ, చెయ్యబోతే మనిషిని కూర్చోనివ్వదు, లేవనివ్వదు.

మా అమ్మా, పెద్దమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములిద్దరిని చేసుకుని గురజాల దగ్గర ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి ఎవరిదయినా నలుగు పెట్టేటప్పుడూ, బంతులాటప్పుడూ, అప్పగింతలప్పుడూ పాడడానికి వీళ్ళిద్దరూ ఉండాల్సిందే. అమ్మది సన్నటి గొంతు, పైకి లేచిందంటే పందిరి దాటి వీధి చివరి దాకా వినిపించేది. పెద్దమ్మది నిండు గొంతు, కిందనే ఉండేది. బాబాయ్ కొత్త మైకు తెచ్చినప్పుడు దాన్ని పరీక్షిద్దామని ఇద్దరినీ పేటకు పిలిపించాను. వేరువేరుగా పాడమంటే ఇద్దరికీ పాట రాలేదు. ఎదురెదురుగా చాప మీద కూర్చోబెట్టి, డోలకు వాయించే కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టి, పంకా ఆపి, మధ్యలో మైకు పెడితే, చెమటలు తుడుచుకుంటూ, ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటూ, తమకు వచ్చిన పెళ్ళి పాటలన్నీ పాడి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయారు.

ఆ మరుసటి ఏడు మిరపకోతల రోజుల్లో పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. ప్రాణం దక్కింది గానీ, నోటి నుంచి ఒకటి రెండు శబ్దాలు తప్ప ఏమీ వచ్చేవి కావు. అమ్మ అప్పటి నుంచి పాడలేదు. పెళ్ళి పిలుపులొస్తే ఒంట్లో బాగాలేదని పంపేసేది. అలాంటిది ఒకరోజు ముందుగా కబురయినా లేకుండా దుకాణానికి వచ్చి, ఆ పాటలు పెట్టమంది. నిలబడే వింది. రెండో పాట సగంలో ఉండగా నా భుజం పట్టుకుని ఊపేసింది.

“ఏందిరా ఇది? అంతా నేనేగా అరస్తంది. అక్క గొంతేదిరా?”

ఆ మాట నిజమే. అమ్మ గొంతు లేచిన ప్రతిచోటా పెద్దమ్మ మునిగిపోయింది. ఇద్దరికీ వేరువేరు మైకులుంటే ఒకదాన్ని పెంచి ఒకదాన్ని తగ్గించేవాణ్ణి. ఒకే మైకులో పడ్డ గొంతులవి, పాలల్లో కలిసిన నీళ్ళు. అదే చెబితే అమ్మ వినలేదు. ఇంకెన్నడూ పాడలేని మనిషిరా, ఉన్న పాటలోనయినా వినబడకపోతే ఎట్టా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాంతో ఆ పని మీదేసుకున్నాను.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్ళు నిలవవు. పెద్దమ్మ గొంతుండే కింది పొరను పైకి తెస్తే డోలకు కూడా లేచి గదంతా గుమ్మనేది. అమ్మ గొంతుండే పై పొరను అణిస్తే, పెద్దమ్మ పలికే అక్షరాల అంచులు కూడా అరిగిపోయి మాట ముద్దగా వినిపించేది. పొరల మధ్య గీతను కాస్త ఇటు జరిపేవాణ్ణి, కాస్త అటు. లేచి వీధిలోకి వెళ్ళి టీ తాగి వచ్చి వింటే, బాగుందనుకున్నది బాగుండేది కాదు. అవతల పెళ్ళివారు సీడీ అడుగుతున్నారని బాబాయ్ తలుపు దగ్గర నిలబడేవాడు, నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయేవాడు. అమ్మ పొద్దుటి బస్సుకు వచ్చి కుర్చీ వేసినా కూర్చోకుండా గోడవారగా తిరిగేది. ఒకసారి అణచినదాన్ని మరీ తొందరగా వదిలేలా పెట్టాను. అమ్మ పాట ఆపిన ప్రతిచోటా అడుగున ఉన్నదంతా ఒక్క ఉదుటున పైకి లేస్తోంది. “అక్కకి ఆయాసం వచ్చినట్టుందిరా, ఒద్దు, తీసెయ్” అని అమ్మ చెవులు మూసుకుంది.

చివరికి ఒక తీరుకు వచ్చింది. అమ్మ గొంతు పలచబడి ఎక్కడో పెరట్లోంచి పాడుతున్నట్టు అయింది గానీ, పెద్దమ్మ మాత్రం ఎదురుగా కూర్చున్నట్టే వినిపించింది. అమ్మ మొహం విప్పారింది. పెద్దమ్మను డాక్టరుకు చూపించడానికి ఎలాగూ పేటకు తేవాలి కాబట్టి, ఆ రోజే వినిపిద్దామంది.

పెదనాన్న ఆటోలోంచి దింపి పెద్దమ్మను నడిపించుకొచ్చాడు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టాం. అమ్మ ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని, పరీక్ష రాసి మార్కుల కోసం చూసే పిల్లలా, పాట కాకుండా అక్క మొహమే చూస్తోంది. పాట మొదలయింది. పెద్దమ్మ కాసేపు కదలకుండా వింది. తర్వాత వంకరపోయిన నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. బాగున్న ఎడమచేత్తో కుర్చీ చేతి మీద కొట్టింది. అమ్మను చూపించి, అరచెయ్యి పైకి తిప్పి, గాల్లోకి ఎత్తింది. మళ్ళీ ఎత్తింది.

చెల్లెలి గొంతు పెంచమంటోందని నేను పై పొరను కొంచెం వదిలాను. అమ్మ కసిరింది.

“తగ్గించరా! నా గొంతెందుకే అక్కా ఇప్పుడు? నీది వినబడాలనేగా ఇంత పాటుపడింది!”

పెద్దమ్మ ఒప్పుకోలేదు. చెయ్యి ఇంకా పైకి. నేను పెంచుతాను, అమ్మ తగ్గించమంటుంది, పెద్దమ్మ కుర్చీని చరుస్తుంది. పెదనాన్న ఏమీ తోచక గుమ్మంలో నిలబడ్డాడు. అంతలో అమ్మకు కోపమొచ్చింది. అక్క మీద ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ చూడలేదు.

“చిన్నప్పటినించీ ఇంతే నువ్వు! నన్ను ముందుకు తోసి నువ్వు ఎనకుండిపోతావ్. పైకి పాడటం నీకు రాకనా? నాకు తెలవదనుకున్నావా?”

పెద్దమ్మ ముందుకు వంగి అమ్మ గడ్డం పట్టుకుంది. చెయ్యి మళ్ళీ ఎత్తింది, ఈసారి నెమ్మదిగా. అమ్మ ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి అంది.

“అది ఆపెయ్‌రా. పెంచమని కాదు. నన్ను ఎత్తుకోమంటంది.”

పెళ్ళిళ్ళలో పాట ఎవరు ముందు ఎత్తుకోవాలో అక్క చెయ్యే చెప్పేదట. నాకు తెలియని సంగతి. నేను ఆపేశాను. అమ్మ గొంతు సవరించుకుని నలుగు పాట ఎత్తుకుంది. ఇన్నాళ్ళూ వాడని గొంతు, మొదట జీరపోయింది, తర్వాత దారిలో పడింది. రెండో చరణం దగ్గర అడుగు నుంచి ఒక నిండు శబ్దం వచ్చి దానికి ఆనుకుంది. ముందు ఊరికే రాగం. మాట రాని ఆ నోటి నుంచే, కాసేపటికి, ఒక్కొక్క మాటా పాటలో పడుతూ వచ్చింది. పెదనాన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. మైకు పక్కనే ఉంది. రికార్డు చెయ్యాలన్న ఆలోచనే రాలేదు.

మెదడులో మాట ఒకచోట, పాట ఒకచోట ఉంటాయమ్మా, పాడిస్తూ ఉండండి అని డాక్టరు గారు చెప్పారు. ఆ తర్వాత పెద్దమ్మ బతికినన్నాళ్ళూ మంచినీళ్ళు కావాలన్నా సైగే చేసేది గానీ, అమ్మ ఎత్తుకుంటే పాటలో మాత్రం మాటలు పలికేది. పిలుపులొస్తే ఇద్దరూ మళ్ళీ వెళ్ళేవారు, ఒకరు కుర్చీలో, ఒకరు పక్కన చాప మీద. నేను చేసిన మాస్టరింగ్ అంతా తీసేసి, అమ్మ గొంతు మరీ చెవులకు గుచ్చుకునే చోట మాత్రం కాస్త పట్టి, సీడీలు చేసి చుట్టాలకు పంచాను. నాలుగైదేళ్ళకు పెద్దమ్మ పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అమ్మ కూడా.

మొన్న ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. అది నా పాత డిస్కులోంచి ఆ పాట తీసుకుని, కలిసిపోయిన గొంతులను విడదీసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందని, నేను స్నానం చేసి వచ్చేలోపే రెండు ఫైళ్ళు నా ఫోనుకు పంపింది. ఒకదాంట్లో పెద్దమ్మ ఒక్కతే. అమ్మ ఏడ్చి అడిగింది అచ్చంగా ఇదే. అందులో పెద్దమ్మ ప్రతి పాదం చివరా ఆగుతుంది. ఆ ఆగడం చెల్లెలి కోసం. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు, శుభ్రంగా తుడిచేసినట్టుంది. రెండు పాదాల కన్నా ఎక్కువ వినలేకపోయాను. ఇప్పుడు పాడేవాళ్ళంతా ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండి పాడి పంపుతున్నారట, తర్వాత ఎవరో కలుపుతారట. తప్పు పట్టడానికి నేనెవర్ని, వినడానికి బాగానే ఉంటున్నాయి.

ఆ రెండు ఫైళ్ళూ ఫోనులో ఒకేసారి మోగించాలని పొద్దుటి నుంచి ఇల్లంతా తిరుగుతూ చూస్తున్నాను. అమ్మ పాట నొక్కితే పెద్దమ్మది ఆగిపోతోంది. పెద్దమ్మది నొక్కితే అమ్మది.