మావయ్యకు మాత్రమే వినిపించే చప్పుడు

మా మావయ్యకు చప్పుళ్లు వినిపిస్తాయి. కంగారు పడకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన రకం కాదు. కారు వెనక తగిలించుకుని తిరిగే తన ట్రైలరు చక్రంలోంచి మాత్రమే ఆ చప్పుడు వస్తుంది. అదీ ఆయన చెవికి మాత్రమే.

రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, నిటారుగా నిలబడితే తల తగిలే బాత్రూము, పైన నీళ్ల ట్యాంకు. అంతే ఆ చక్రాల ఇల్లు. రిటైరవగానే "ఊళ్లు చూద్దామే" అని అత్తయ్యను ఊరించి కొన్నాడు. చూశారు కూడా. కాకపోతే ఊళ్లకన్నా రోడ్డు పక్క గడ్డే ఎక్కువ చూశారు.

ఈయనేమీ స్పానరు పట్టడం రాని మనిషి కాదు. జీవితమంతా బస్సు డిపోలో మెకానిక్. మొండికేసిన బస్సు కూడా మావయ్య బానెట్ ఎత్తితే బుద్ధిగా కదిలేదని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి సొంత బండిలో చప్పుడు ఎక్కడిదో ఇన్నేళ్లుగా దొరకలేదు!

"ఉష్! విన్నారా?" అంటాడు ఉన్నట్టుండి.

"ఏమీ వినిపించలేదు మావయ్యా."

"అదే మరి! ఇంతసేపూ రాలేదు. ఇప్పుడే వచ్చింది."

ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. బండి పక్కకు తీసి, ట్రైలరును కారు నుంచి విప్పి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, "బేరింగు కొనుక్కొద్దాం పదండి" అని అందర్నీ కారులో కుక్కుకుని వెళ్లిపోతాడు. బేరింగు ఏ షాపులోనూ దొరకదు. కాఫీ మాత్రం దొరుకుతుంది. తీరిగ్గా తాగి వెనక్కి వస్తే చప్పుడు దానంతట అదే పోయి ఉంటుంది.

ఒకసారి మా తమ్ముడి కాలేజీ ఫంక్షనుకు వెళ్లేసరికి అక్కడ కుర్చీలు మడిచేస్తున్నారు. ఇంకోసారి వడగళ్లు పడుతుంటే నెత్తిన పాలగిన్నె బోర్లించుకుని చక్రానికి చెవి ఆనించాడు. గిన్నె మీద వడగళ్లు టంగుటంగుమని మోగుతున్నాయి. "ఇప్పుడేం వినిపిస్తోందండీ, పాట కచేరీనా?" అంది అత్తయ్య.

ఆ చప్పుడుకు ఒక పద్ధతుంది. నీడలో రాదు, హోటలు ముందు రాదు. ఎర్రజెండా పాతి, తారు కాగుతూ, కంకర కుప్పలు పోసి ఉన్నచోటే వస్తుంది. "గతుకులు కదా, బయటపడుతుంది" అనేవాడు. వెళ్తూ వెళ్తూ అక్కడ కంకర మోసే ఆడవాళ్లను కేకేసేవాడు. "అమ్మా, బండి కాస్త కనిపెట్టుకుని ఉండండి. తాళం వెయ్యలేదు. మేం వచ్చేసరికి గంట పైనే పడుతుంది!"

"తాళం వెయ్యలేదని ఊరంతా చాటింపు వేసే మనిషిని మిమ్మల్నే చూశాను," అని అత్తయ్య నెత్తి కొట్టుకునేది.

చివరికి ఆవిడకూ ఓపిక నశించింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ట్రైలరు కొంటానన్న ఒకాయనను వెతికి పట్టుకుంది. మేం ముగ్గురం అటే బయల్దేరాం.

"మనం దారిలో ఉండగానే ఆయన ఫోన్ చేస్తానన్నాడు. ఈలోగా ఆ పాడు చప్పుడు ఒక్కసారి వచ్చిందంటే అక్కడికక్కడే అమ్మేశానని చెప్పేస్తా. రాకపోతే ఆలోచిస్తా," అంది అత్తయ్య.

మావయ్య మొహం చూడాలి! దారి పొడుగునా నోరు కుట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో మబ్బు కమ్మింది, గాలి లేచింది, కుండపోత మొదలైంది. వైపర్లు తుడవలేక ఆయాసపడుతున్నాయి. ఆ వానలో ఎదురుగా ఎర్రజెండా. గోనెసంచులు కప్పుకుని రోడ్డు పక్కన ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు. మావయ్య వాళ్ల వంక చూశాడు. అత్తయ్య వంక చూశాడు. మళ్లీ వాళ్ల వంక చూశాడు.

"ఉష్..." అన్నాడు నీరసంగా.

"అయిపోయింది," అంది అత్తయ్య. "అమ్మేశాం."

మామూలు తతంగమంతా జరిగింది. కొంతదూరం వెళ్లాక అత్తయ్య సంచీ తడుముకుంది. "ఫోను ట్రైలర్లో మర్చిపోయా. వెనక్కి తిప్పండి."

"ఇప్పుడెందుకే? కాఫీ తాగి..."

"తిప్పండి!"

తిప్పాడు. తిప్పి, స్టీరింగుకు అతుక్కుపోయి కూర్చున్నాడు. నేనూ అత్తయ్యా ఒకే గొడుగులో పరిగెత్తాం. ట్రైలరు తలుపు దగ్గర ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. అత్తయ్య మెట్టెక్కబోతే ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది.

"లైన్లో రా అక్కా. ఎంత అవసరమైనా లైను లైనే."

సొంత ఇంటి గుమ్మంలోంచే అత్తయ్య కాలు వెనక్కి తీసుకుంది. "ఇది... ఎవరి బండి?" అంది.

"ఒక పెద్దాయనది. పాపం, ఈ దారిన వచ్చినప్పుడల్లా పాడవుతుంది. ఆయన బండి పాడైన రోజే మాకు కాస్త సుఖం. లేకపోతే పొద్దుటినుంచీ మంచినీళ్లు ముట్టుకోం. ముట్టుకుంటే ఎక్కడికి పోతాం? చుట్టూ చూడు, చాటుకు ఒక చెట్టుందా?"

రోడ్డు వేయించేవాడికి కంకర ఎంత పడుతుందో తెలుసు, తారు ఎంత పడుతుందో తెలుసు. ఆ కంకర మోసే మనిషికి ఒళ్లుందని, దానికీ అవసరాలుంటాయని మాత్రం ఎవడికీ తట్టదు. ఆ ముక్క నేను గట్టిగానే అన్నాను. "నువ్వు తర్వాత ఉపన్యసించు, ముందు లైన్లో నిలబడు," అంది అత్తయ్య. ఇద్దరం నిలబడ్డాం. వాన తగ్గింది.

మా వంతు వచ్చేసరికి లోపల ఫోను మోగుతోంది. అత్తయ్య ఎత్తింది. "అమ్మడం లేదండీ. కారణమా? మా ఆయన ఒప్పుకోలేదు," అని పెట్టేసింది.

తర్వాత కారు దగ్గరికి వెళ్లి అద్దం మీద కొట్టింది. "నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ?"

"చెబితే నువ్వు పిలిచి మరీ వాడుకోమంటావు. వాళ్లేమో మొహమాటపడతారు. కాపలా ఉండమన్నామనుకో, దర్జాగా ఎక్కుతారు." మావయ్య గొంతు తగ్గించాడు. "మా డిపోలో ఆడ కండక్టర్లూ నీళ్లు తాగేవాళ్లు కాదే. బస్సులన్నీ బాగుచేశాను గానీ అదొక్కటీ చెయ్యలేకపోయాను... ఫోన్ వచ్చిందా? అమ్మేశావా?"

"అమ్మలేదు."

మావయ్య ఊపిరి వదిలిన చప్పుడు నాకూ వినిపించింది. స్టీరింగు మీద తల ఆనించి నవ్వేశాడు.

"నవ్వింది చాలు గానీ దిగండి," అంది అత్తయ్య. "ఆ బాత్రూము గడియ వదులుగా ఉంది. లోపలున్నంతసేపూ ఒక చెయ్యి తలుపు మీదే వేసుకోవాల్సి వస్తోంది. ఇంత మెకానిక్ అయ్యుండి, ఆడవాళ్లు వాడే తలుపుకు అలాంటి గడియ పెడతారా ఎవరైనా?"