జల్లెడలో దూది

ఇన్నేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. దించుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడక్కండి. ట్రాక్టర్ మెకానిక్‌ని. వినుకొండ వెళ్ళే రోడ్డు మీద నాదొక షెడ్డు. అది చాలు.

నా చేతి తప్పును ఒక మంచివాడి చేతికి అంటించాను. ఇదీ సంగతి. రాసేసరికి ఇంత చిన్నదా అనిపిస్తోంది.

అతని పేరు మస్తాన్. సాంబయ్య గారనే రైతు దగ్గర ట్రాక్టర్ డ్రైవరు. తొంభైల చివరి మాట ఇది. ఆ ట్రాక్టరు అప్పటికే పాతబడింది, బానెట్ మీద రంగు ఎప్పుడో వెలిసిపోయింది. మస్తాన్ దాన్ని ట్రాక్టర్ అనీ బండి అనీ అనేవాడు కాదు. "మనది" అనేవాడు. "మనది ఇవాళ దగ్గుతోందన్నా" అంటూ నా షెడ్డు ముందు ఆపేవాడు, జలుబు చేసిన పిల్లాణ్ణి తెచ్చినట్టు. నల్లరేగడిలో అతను గొర్రు తోలితే సాలు ఎక్కడా వంకర పోదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఇంటికి పోయేముందు సీటు తుడిచి, చక్రాల బురద గీకి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ పోయేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. నిజానికి నాకు ఆ మనిషంటే ప్రాణం.

ఆ ఏడు పత్తి తీతల రోజుల్లో గొర్రును పైకెత్తే దాని హైడ్రాలిక్ లిఫ్టులో రబ్బరు రింగులు అరిగి నూనె కారుతోందని సాంబయ్య గారు కబురు పెట్టారు. ఆయన కళ్ళంలోనే వెనక మూత విప్పాను. రింగులు మార్చాను. మూసేముందు లోపలి మడ్డి అంతా తుడవాలి. చూస్తే సంచిలో బనియన్ వేస్టు గుడ్డ అయిపోయింది. మళ్ళీ షెడ్డుకు పోయి తెచ్చుకోవాలి. పక్కనే గోడవార, వానకు తడిసి పసుపెక్కిన పత్తి, వ్యాపారి వద్దన్నది, పోగుపోసి ఉంది. గుప్పెడు తీసుకుని లోపలంతా తుడిచాను. ఇంకో గుప్పెడు. దూది నూనెను ఎంత చక్కగా పీలుస్తుందో. పత్తిచేలల్లో పుట్టిన చేతికి అందేది పత్తే కదా.

దాని పోగులు విడిపోతాయని నాకు తెలియదా? తెలుసు. నూనె తిరిగే చోటికి దూది తీసుకుపోవద్దని నాకు పని నేర్పినాయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. తెలిసీ బద్ధకించాను. ఆ సమయానికి మస్తాన్ అక్కడ లేడు. నాకోసం వాళ్ళింటికి అన్నం తేవడానికి పోయాడు. వచ్చాక నూనె పోసి, ఆ పోసే చోటి చిన్న మూత పెట్టింది మాత్రం అతనే. ఆ పూట నేను తిన్నది అతని భార్య వండిన అన్నం, గోంగూర పచ్చడి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో తర్వాత నాకు బాగా తెలిసింది.

ఆ తర్వాత ట్రాక్టరు పత్తి లోడ్లు తోలింది, మిరపకాయల టిక్కీ బస్తాలు మోసింది. వెనక ట్రక్కు తగిలించి లాగినన్నాళ్ళూ లిఫ్టుతో పని లేదు, కాబట్టి ఏదీ బయటపడలేదు. వేసవిలో ఒక మంచి వాన పడింది. పదును ఆరిపోకముందే దుక్కి చేసుకోవాలని అందరూ చేలమీద పడ్డారు. మస్తాన్ కూడా గొర్రు కట్టాడు. కాసేపు బాగానే తోలాడట. తర్వాత గొర్రు పైకి లేవడం మానేసింది. ఆపి, కాస్త విశ్రాంతి ఇస్తే లేచేది. మళ్ళీ తోలితే మళ్ళీ మొరాయించేది. ఒకరు పంపు పోయిందన్నారు, ఒకరు నూనెలో నీళ్ళు కలిశాయన్నారు. ఈ గొడవలో పదును కాస్తా ఆరిపోయి, సాంబయ్య గారి చేను గడ్డకట్టి కూర్చుంది.

నన్ను కళ్ళానికి పిలిచారు. నూనె కొలత చూశాను, సరిగ్గా ఉంది. రంగు చూశాను, పాల మాదిరి తెల్లబడలేదు, అంటే నీళ్ళు చేరలేదు. స్టార్ట్ చేసి గొర్రు ఎత్తమన్నాను. పంపు సన్నగా కూతపెట్టింది. పీల్చుకోవడానికి నూనె అందని పంపు అలా అరుస్తుంది. ఆపితే బాగుపడటం, తోలితే చెడటం. అంటే ఏదో వచ్చి, పంపు నూనె పీల్చుకునే చోట ఉండే జల్లెడకు అంటుకుంటోంది, ఆపగానే వదులుతోంది. విప్పకముందే నాకు అర్థమైంది. అర్థమైన ఆ క్షణంలోనే నోరు తెరిచి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

నూనె దించి జల్లెడ బయటికి తీశాను. దాని చుట్టూ నల్లటి దూది, తడిసిన పిల్లి బొచ్చులా. కళ్ళంలో మిరపకాయలు ఎత్తేసినా ఘాటు ఇంకా పోలేదు. నా కళ్ళు మండుతున్నాయి. దానివల్లే అనుకున్నాను.

"ఇదేందయ్యా, దూది ఎట్టా వచ్చింది లోపలికి?" అన్నారు సాంబయ్య గారు.

నాది కొత్త షెడ్డు. ఆయన నోటి మాట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చాటింపు. ఇవన్నీ అప్పుడు ఆలోచించానా? లేదనుకుంటాను. మాట దానంతటదే తయారుగా ఉంది.

"పత్తి లోడ్లు తోలారు కదండీ. నూనె పోసే మూత సరిగ్గా పెట్టకపోతే దూది ఎగిరొచ్చి పడుద్దండి."

ఆయన మస్తాన్ వైపు తిరిగారు. "ఏరా, మూత పెట్టలా?"

మస్తాన్ నన్ను చూశాడు. అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. అతను నా ముఖంలో తన మరుపును వెతుక్కున్నాడు.

"పెట్టినట్టే గుర్తండీ. కానీ అన్న చెప్పాడంటే నిజమే అయ్యుంటది. నేనే మర్చిపోయుంటా."

సాంబయ్య గారు చెడ్డవారేం కాదు. కానీ పదును పోయిన రైతు కడుపుమంట మామూలుది కాదు. ఆ వారంలోనే మస్తాన్‌ను మాన్పించారు. తాళం ఇచ్చేరోజు కూడా అతను సీటు తుడిచి ఇచ్చాడని విన్నాను. నేను చూడటానికి పోలేదు.

ఆ ఊళ్ళో ఇంకెవరూ అతనికి ట్రాక్టర్ ఇవ్వలేదు. భార్యాపిల్లల్ని తీసుకుని మార్టూరు వైపు పోయాడు. అక్కడ గ్రానైట్ క్వారీలో ట్రాక్టర్ మీద రాతి ముక్కలు తోలే పని దొరికింది. రోజంతా దుమ్ములో బరువు లాగడమే. గొర్రుతో పని లేదు, సాలుతో పని లేదు. సాలు మీద అంత మమకారం ఉన్నవాడికి నేను మట్టినే దూరం చేశాను. అతను ఆకలితో మాడలేదు కదా, ఏదో ఒక బండి తోలుకుంటున్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరికి చెబుతున్నాను ఈ కబుర్లు?

కొన్నేళ్ల తర్వాత ఒకరోజు అతను క్వారీ ట్రాక్టర్ వేసుకుని నా షెడ్డుకే వచ్చాడు. అంత దూరం నుంచి. మార్టూరులో మెకానిక్కులు లేరా అంటే, "నువ్వు చూస్తేనే నాకు ధైర్యం అన్నా" అన్నాడు. జుట్టంతా రాతి దుమ్ము. నవ్వు మాత్రం అదే. పని చేస్తూ ఒకటి గమనించాను. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచిపోయి నూనె మూత మీద చెయ్యి పెట్టి తిప్పి చూస్తాడు. వచ్చి కూర్చుంటాడు. టీ తాగుతూ మళ్ళీ లేస్తాడు. బయల్దేరేముందు మళ్ళీ.

ఎందుకన్నట్టు చూశాను.

"ఒకసారి మర్చిపోయా కదన్నా" అన్నాడు, సిగ్గుపడుతూ.

అప్పుడైనా చెప్పాల్సింది. చేతిలో పానా ఉంది, నోట్లో మాట ఉంది. కానీ చెబితే ఇక ఇంత దూరం ఎవరి దగ్గరికి వస్తాడు అనుకున్నాను. చూశారా, ఆ ప్రేమలో కూడా నా స్వార్థమే. అతను ట్రాక్టరెక్కి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర ఆపి, దిగి, ఇంకోసారి మూత చూసుకోవడం నాకు కనబడింది.

ఇప్పటికీ పండక్కి సేమ్యా పాయసం పంపిస్తాడు. ఇప్పటికీ తింటున్నాను. ఎప్పటికైనా అతని ఎదురుగా నిలబడి చెబుతానో లేదో నాకు తెలియదు, చెబుతానని మాటిచ్చి మీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోను. క్షమించమని కూడా మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట బయటికి అనాలి, అది ఇక్కడ అంటున్నాను.

మస్తాన్, నువ్వు మర్చిపోలేదు. ఆ రోజు మూత నువ్వు గట్టిగానే పెట్టావు. లోపలి దూది నాది.