పెన్నుతో స్విచ్ వేసే మాస్టారు

సైన్సు మాస్టారు ఇరవై ఆరేళ్లుగా హైస్కూల్లో విద్యుత్తు పాఠం చెబుతున్నారు కానీ, ఏ స్విచ్చునూ వేలితో తాకరు. జేబులోంచి ప్లాస్టిక్ పెన్ను తీసి, ఓ అడుగు వెనక్కి జరిగి, మొహం పక్కకు తిప్పుకుని దాంతో నొక్కుతారు. ఆయన ప్రయోగాలన్నీ నల్లబల్ల మీదే. సుద్దముక్కతో గీసిన తీగలు షాకు కొట్టవు. ఇప్పుడు ఇంధన వ్యవస్థల మీద టీచర్లకు పెట్టిన శిక్షణలో, సోలార్ పలకను బ్యాటరీకి, బ్యాటరీని బల్బుకు ఆయనే కలపాలి. ఎర్ర తీగ పట్టుకోగానే రెండో చేత్తో జేబులోంచి పెన్ను తీశారు.

శిక్షణ ఇస్తున్న అమ్మాయి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. "పన్నెండు వోల్టులే మాస్టారూ, ఏమీ కాదు. మీరే చెప్పారుగా!" అంది.

"చెప్పానమ్మా. నాకే నమ్మకం కుదరలేదు."

ఆమె నవ్వుతూ, ఉక్కగా ఉందని ఫ్యాను వేసింది. తన పెన్నుతో నొక్కింది, ఓ అడుగు వెనక్కి జరిగి, మొహం పక్కకు తిప్పుకుని.

"అదేంటమ్మా అలా వేశావు?"

"మిమ్మల్ని చూసి అలవాటైపోయింది మాస్టారూ. మా క్లాసంతా ఇంతే."

మాస్టారు చేతిలోని పెన్నును చూసుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా పాఠం చెప్పిన పిల్లలంతా ఇలాగేనా! ఆయన పెన్ను జేబులో పెట్టేసి, వట్టి చేత్తో తీగను బ్యాటరీకి ఆనించారు. బల్బు వెలిగింది. ఆ సంగతి ఆమె చెప్పేదాకా ఆయన కళ్లు తెరవలేదు.