సుగుణ టీచరుగారి ఆదివారం కత్తులు

గోళ్ళరంగు తుడిచే మందు వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, ఈ వయసులోనూ నాకు హుషారు ఆగదు. ఇవాళ పొద్దున్న తాడేపల్లిగూడెంలో మా భోజనాల బల్ల మీద నాలుగైదు కత్తులు పరిచాను. ఫెన్సింగ్ కత్తులు, బడి పిల్లలు ఆడి ఆడి పాడుచేసినవి. కత్తి పొడుగునా ఉండే సన్నటి గాడిలో వైరు అతికించి ఉంటుంది. ఆ పాత జిగురు ఈ మందులో నానితేగాని ఊడదు. "కూర గిన్నె ఎక్కడ పెట్టమంటావే, కత్తి మొన మీదా?" అని మా ఆయన ఒకటే గొడవ. నవ్వానే గాని బల్ల మాత్రం ఖాళీ చెయ్యలేదు. ఆ వాసనకి మా సుగుణ టీచరుగారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉంది మరి!

ఆవిడ ఆకివీడులో మా బడి ఆటల టీచరు. "మీ అమ్మాయికి ఫెన్సింగ్ నేర్పిస్తానండీ" అని మా నాన్నని అడిగిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. మా వైపు ఫెన్సింగంటే చేపల చెరువు చుట్టూ పాతే కర్రలూ, కట్టే వలా. కత్తిసామని నాన్నకి ఎలా తెలుస్తుంది? "ఏవండీ టీచరుగారూ, అది మా ఇంటా వంటా ఉన్న పనేనండీ! దానికి బడెందుకండీ? మీక్కావాలంటే రేపే సామాను పంపుతాను" అన్నారు. అన్నంత పనీ చేశారు. మర్నాడు బడి గేటు ముందు వల చుట్టా, సరుగుడు కర్రలూ దిగాయి! టీచరుగారు నవ్వలేదు. "చాలా థాంక్సండీ" అని ఆ కర్రలు పాతించి, వల కట్టించి, దాని లోపలే మాకు ఆట నేర్పారు. గేదెలు రాకుండా బాగానే పనికొచ్చింది.

ఏలూరులో ఎవరెవరో పక్కన పడేసిన కత్తులూ, ముసుగులూ, ఆట చొక్కాలూ ఆవిడ బతిమాలి తెచ్చేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, వరండాలో తెల్ల దుప్పటి పరిచేవారు. ఆవగింజంత స్క్రూలు మరి, కిందపడితే కనబడాలిగా! తుప్పు గరుకు కాగితంతో రుద్దడం, చొక్కాలకి చిరుగులు కుట్టడం, మొన విప్పి స్ప్రింగు తుడవడం, అన్నీ మాచేతే చేయించేవారు. ఆటలో మొన ఎదుటివాళ్ళకి తగిలి నొక్కుకుంటే, కొట్టినవాళ్ళ వైపు దీపం వెలుగుతుంది. అందుకే మొన నొక్కితే దీపం వెలగాలి. వెలగకపోతే మళ్ళీ మొదటికి. నేను విసుక్కుంటే, "కొల్లేటి గాలమ్మా, ఇనుముని ఊరికే ఉండనివ్వదు. మనమూ ఊరుకోకూడదు" అనేవారు.

ఇక ఏలూరులో జిల్లా జట్టు ఎంపిక. మిగిలింది ఒకే ఒక్క చోటు. దానికోసం నేనూ, కామవరపుకోట పిల్ల సత్యవేణీ తలపడాలి. నాకు ఆ చోటు తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు! ఆట మొదలవబోతుంటే సత్యవేణి కత్తి మొరాయించింది. ఎంత నొక్కినా దీపం లేదు. ఆ పిల్లకి వేరే కత్తి లేదు, అరువిచ్చేవాళ్ళూ లేరు. "కాసేపు చూస్తాం, లేదంటే ఈ అమ్మాయికే చోటు" అని రెఫరీగారు నన్ను చూపించారు. నా గుండె ఎగిరి గంతేసింది.

టీచరుగారు నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టారు.

"ఆ అమ్మాయిది చూడమ్మా."

"అదేంటండీ మేడమ్! ఇప్పుడది ఓడిపోతే చోటు నాదే కదండీ!"

"ఆడితేనే కదమ్మా ఓడేది."

ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాట కాదనలేక, చున్నీ పరిచి మొన విప్పాను. లోపల స్ప్రింగు చిలుము పట్టి ఉంది. అది చూశాక కోపం ఎటుపోయిందో! తుడిచి, కొంచెం సాగదీసి, స్క్రూలు బిగించి నొక్కాను. వెలిగింది. సత్యవేణి కళ్ళు కూడా.

ఆట చూడాలి మీరు! ఆ పిల్ల ఒకటి కొడితే నేనొకటి కొట్టాను. చివరికి ఇద్దరం సమానం, ఇంకొక్క పోటుతో తేలిపోతుంది. ఊపిరి బిగబట్టి ముందుకి దూకాను. అటు, సత్యవేణి వైపు దీపం భగ్గున వెలిగింది.

"వెలిగింది మేడమ్, వెలిగింది!" అని చేతులు పైకెత్తి గెంతాను. హాలంతా గొల్లున నవ్వింది.

"ఓసి పిచ్చిదానా, ఆ పోటు పడింది నీకే!" అంటూ టీచరుగారు నవ్వలేక కుర్చీలో కూలబడ్డారు.

"అయినా నేను బాగుచేసింది వెలిగింది కదండీ!" అన్నాను నేను.

తిరుగు బస్సులో ఆకివీడు దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ ఊరుకోమనలేదు, నా తల తన భుజం మీదకి లాక్కున్నారు. చోటు పోయింది. దానికి బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ రోజు నన్ను గెంతించిన సంతోషం ఉందే, దాన్ని మించింది ఆటలోగాని, బయటగాని నాకు మళ్ళీ దొరకలేదు. అందుకే బాగుచెయ్యమని ఎవరి కత్తి వచ్చినా కాదనను, నా శిష్యుల్ని ఓడించే వాళ్ళదైనా సరే.