తోరికా చేతిలో కెలేరా జుట్టు

ఆదివారం చర్చికి బయలుదేరేముందు కూతురి తల దువ్వడమంటే తోరికాకి కుస్తీ పట్టడమే. ఎనిమిదేళ్ల కెలేరాను మోకాళ్ల మధ్య ఇరికించుకునేది. మెడ కదలకుండా మోచేత్తో అదిమిపెట్టేది. ఒత్తుగా, ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుపోయిన ఆ పొడిజుట్టులోకి ఇనప దువ్వెన మాడు దాకా దించి, ఒక్క గుంజు గుంజేది. పిల్ల గావుకేక పెట్టేది.

“నోర్ముయ్! పాస్టరుగారి ముందు నెత్తిన పిట్టగూడు పెట్టుకుని కూచుంటావా? కదిలావంటే చంపుతా!”

కదలకుండా ఎట్లా ఉంటుంది, ప్రాణం పోతుంటే? కదిలేది. వీపు మీద ఒక చరుపు పడేది. చిక్కు తెగకపోతే జుట్టే తెగేది. తెగిన ఉండలు మెట్ల కింద కోళ్లు పొడిచి చూసి వదిలేసేవి.

దీవి మీది తావువా ఊరి బజార్లో ఆమెను పీతల తోరికా అంటారు. మడ అడవిలో, సముద్రం వెనక్కి తీసినప్పుడు, బురద బొరియలోకి భుజం దాకా చెయ్యి దూర్చి అరచెయ్యంత పీతను బయటికి లాగుతుంది. అది కొరికితే తిరిగి తిడుతుంది. డెక్కలు మడిచి తీగతో ఒక్క బిగింపు బిగిస్తే ఆ పీత ఇక కుండలో పడేదాకా మెదలదు. కూతురి జడలు కూడా ఆ చేతులతోనే, ఆ బిగింపుతోనే వేసేది. జడ పూర్తయ్యేసరికి పిల్ల కనుబొమలు నుదుటి మీదికి పాకేవి.

పాపం, తోరికాకి మాత్రం ఇంకో పద్ధతి ఎవరు చూపించారు? కన్నతల్లి ఆమెను అట్లాగే దువ్వింది. హాస్టల్ బళ్ళో వార్డెనమ్మ, ఈ జుట్టుకి చిక్కు తీసే ఓపిక నాకు లేదంటూ పెద్ద కత్తెరతో చెవుల మీద గాట్లు పడేలా కత్తిరించింది. పడుచుదయ్యాక జుట్టు సాఫుగా వాలుతుందని ఎవరో చెబితే సీసాలో మందు కొని పూసుకుంది. మాడు కాలి పొక్కులెక్కి, దిండుకి అంటుకుపోయి, లేస్తే చర్మం ఊడొచ్చింది. ఆ తర్వాత కిటియోనెను చేసుకుంది.

కిటియోనె చెరకు కొట్టే ముఠాలో మేటి. పెళ్లాం జుట్టు అతనికి పలుపుతాడు. మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, వంటపాకలోంచి చెరకు బండ్ల పట్టాల దాకా ఈడ్చిన రోజులున్నాయి. చూసి చూసి తోరికా ఒకనాడు తన జుట్టు తనే బోడిగా గొరిగించుకుంది. మగాడికి జుట్టు దొరక్కపోతే చెంప దొరుకుతుంది, అంతకుమించి ఒరిగిందేమీ లేదు.

రెండుసార్లు పుట్టింటికి పారిపోయింది. రెండుసార్లూ కిటియోనె పెద్దలు తంబువా పట్టుకుని వెనకాలే వచ్చారు. తంబువా అంటే తాడు కట్టిన తిమింగలం పన్ను. తప్పు చేసినవాళ్లు దాన్ని చేతుల్లో పెట్టుకుని నేల మీద కూచుంటే, ఎదుటివాళ్లు అందుకున్నారా, తప్పు గోతిలో పూడ్చేసినట్టే. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్లదే నేరం. తోరికా తండ్రి ఎసాలా రెండుసార్లూ అందుకున్నాడు, రాజీకి గుర్తుగా వేరు పిండిన యంగోనా తాగాడు, కూతుర్ని బస్సెక్కించాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపిందని సామెత. తోరికాకి మొగుడి మీదా, తండ్రి మీదా ఉన్న కోపమంతా ఆదివారం ఆదివారం ఆ పిల్ల నెత్తిన దిగేది.

కిటియోనె అక్క లైసానీ ఒకనాడు చేపలు ఇచ్చిపోదామని వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఊళ్లో ఎవరికీ భయపడదు. ఆమె జుట్టు తల చుట్టూ నల్లటి గుమ్మడికాయంత గుండ్రంగా నిలబడి ఉంటుంది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నట్టు, ఆమె దాంట్లో ఒక మందారం గుచ్చితే చాలు, చర్చిలో ఆడవాళ్లంతా ప్రార్థన మరిచిపోతారు. కెలేరా మొహం మీద ఈగ వాలితే తోలబోయి లైసానీ చెయ్యెత్తింది. పిల్ల చటుక్కున రెండు మోచేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

లైసానీ చెయ్యి దించింది. పిల్ల కణతలు చూసింది. రెండు వైపులా జుట్టు రాలిపోయి, చర్మం నున్నగా మెరుస్తోంది.

“ఏమే మరదలా! పిల్లకి తల దువ్వుతున్నావా, కోడికి ఈకలు పీకుతున్నావా?”

“నీ తమ్ముడు నన్ను పీకినప్పుడు ఈ నోరు ఎక్కడ పెట్టావు వదినా?” అంది తోరికా, కత్తితో చేప పొట్ట చీలుస్తూ.

“పెగల్లేదే, పెగల్లేదు. సిగ్గులేని దాన్ని. వాడి చేతికి బుద్ధి చెప్పలేకపోయాను, నీ చేతికైనా చెప్పనీ. ఇంకో ఏడాది ఇట్లాగే గుంజు, దీని నెత్తిన మొక్క మొలవదు. దీని పెళ్లికి నీ బోడిగుండూ, దాని బోడిగుండూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయిస్తాను. ఏదీ, ఆ దువ్వెన ఇట్లా తే.”

తెస్తే దాన్ని తీసి పందుల దొడ్లోకి గిరాటేసింది.

ఆ మధ్యాహ్నమంతా తిడుతూనే నేర్పింది. “పొడితల మీద దువ్వెన పెట్టకే, పెట్టకు! ముందు నీళ్లు. తడిసి బరువెక్కాక కొబ్బరిపాలు. నూనె రాస్తే తడి మీదే రాయాలి, ఎండు తల మీద రాస్తే జిడ్డే గానీ లోపలికేం పోతుంది? బట్టల సబ్బు పెట్టి రోజూ రుద్దుతున్నావా? నీ మొహం మండా! వారానికోసారి చాలు, మందారాకు పిసికి ఆ జిగురుతో కడుగు. అయ్యో, పైనుంచి కాదే! కొసలు. కొసల దగ్గర మొదలెట్టి పైకి రా. ఈ చేత్తో మొదలు పట్టుకో, గుంజినా మాడుకి తెలియకూడదు. ముందు వేళ్లు, తర్వాత దువ్వెన. అదీ ఈ చెక్కది, పళ్లు దూరంగా ఉన్నది.” పడుకునేటప్పుడు చాప మీద జుట్టు రాసుకుని తెగుతోందని, తన పాత సిల్కు లోపావడా చింపి దిండుకి చుట్టింది. జడలు వదులుగా వెయ్యమంది. “నుదురు ముడతపడిందంటే విప్పి మళ్లీ వెయ్యి. పీతనుకుంటున్నావా, పారిపోతుందనుకోడానికి?”

వినడానికి ఇవన్నీ ఎంత? చిటికెలో పని. కానీ చేతులకి అలవాటైన బలం మాటలకి లొంగుతుందా! మొదటి ఆదివారం నీళ్లు పోసింది, కొబ్బరిపాలు రాసింది, రెండు చిక్కులు ఓపిగ్గా తీసింది. మూడోది రాకపోయేసరికి ఒళ్లు మండి గుంజేసింది. పిల్ల అరిచింది. తోరికా దువ్వెన విసిరికొట్టి పెరట్లోకి పోయి, గంపలోంచి ఒక పీతను తీసి బండ మీద వేసి, పిండి పిండి అయ్యేదాకా రాయితో చితక్కొట్టింది. అమ్ముడుపోయే పీత. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కొసల దగ్గర మొదలెట్టింది. ఆ రోజుల్లో అట్లా చచ్చిన పీతలు చాలానే ఉన్నాయి. గుంజడం మాత్రం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

వానాకాలం వెళ్లేసరికి కణతల దగ్గర నూగు మొలిచింది. నూగు ముదిరి చిన్న చిన్న ఉంగరాలైంది. తోరికా బజారంతా చెప్పుకుంది. కెలేరా మాత్రం దువ్వుతున్నంతసేపూ పళ్లు బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తిపెట్టుకునే కూచునేది. అది తోరికా కంట పడలేదు. ఆమె జుట్టునే చూసుకుంటోంది.

చెరకు కొట్టుడు మొదలయ్యే ముందు ఒక శనివారం మధ్యాహ్నం రగ్బీలో తమ ఊరు చిత్తుగా ఓడింది. కిటియోనె తాగి వచ్చాడు. కెలేరా మెట్ల మీద కూచుని ఉంది, జుట్టు నిండా కొబ్బరిపాలు. తోరికా పొయ్యి దగ్గర నీళ్లు తోడుతోంది.

“ఏంటే ఈ సింగారం? రాణీగారికి పట్టాభిషేకమా? మంచినీళ్లు తే!”

పిల్ల లేచేలోపే జుట్టు పట్టుకున్నాడు. పట్టు జారింది. జారినందుకు వాడికి పిచ్చి కోపం వచ్చింది. ఈసారి రెండు చేతులతో, వేళ్లు మొదట్లోకి దూర్చి, మెలితిప్పి, పిల్లను మెట్ల మీది నుంచి గాల్లోకి ఎత్తేశాడు. కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఏదో చినిగిన చప్పుడైంది. పిల్ల కిందపడింది. వాడి గుప్పిట్లో ఒక కుచ్చు, దాని కొసన నెత్తురు.

తోరికా పొయ్యిలో కట్టె లాగింది. నిప్పుతో సహా వాడి ముంజేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు పక్కింటికి వినపడింది. వాడు రెండో చేత్తో ఆమె నోటి మీద గుద్దితే పన్ను ఊడి నాలుక మీద పడింది. ఉమ్మేసి మళ్లీ కొట్టింది. మోకాలి మీద కొట్టింది. పడ్డాక కూడా కొట్టింది. “నన్ను ఈడ్చావు, ఊరుకున్నా! దాని తల ముడతావురా? దాని తల ముడతావా?” ముఠావాళ్లు పరుగెత్తుకొచ్చి కట్టె లాక్కోకపోతే ఆవేళ శవం లేచేదే. నన్నడిగితే, లేచినా ఎవడూ కంటతడి పెట్టేవాడు కాదు.

సాయంత్రం బస్సుకే తల్లీకూతుళ్లు ఎసాలా ఇంటికి చేరారు. మూడోనాటికే కిటియోనె పెద్దలు వచ్చారు, అందరూ అనుకున్నట్టే. పెదనాన్న ఇనోకె ముందు, తంబువాతో. వెనక మగవాళ్లు. అందరికన్నా వెనక, చెయ్యి కట్టుకట్టించుకుని, తల దించుకుని కిటియోనె. లైసానీ కూడా వచ్చి గుమ్మం పక్కన కూలబడింది. ఈ పన్ను తండ్రి పుచ్చుకుంటే ఏమవుతుందో తోరికాకి బాగా తెలుసు. పిల్ల వెళ్లి మళ్లీ ఆ గుప్పిట్లోనే పడుతుంది.

“చిన్న తప్పు కాదు ఎసాలా,” అన్నాడు ఇనోకె, నేల చూస్తూ. “తల ముట్టాం. మనిషి ఒంట్లో తలే పవిత్రం, అది ముట్టాక మేమేం చెప్పినా తక్కువే. ఈ పన్ను బరువుతో దీన్ని పూడ్చెయ్యమని వచ్చాం.”

ఎసాలా చేతులు చాచాడు.

“ఆగు నాన్నా.”

మగవాళ్లంతా ఉలిక్కిపడి వంటింటి గుమ్మం వైపు చూశారు. తంబువా మధ్యలో ఉండగా ఆడది నోరెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

“నా తలకి రెండుసార్లు నువ్వు పుచ్చుకున్నావు. పోనీ, నువ్వు కన్నావు, పుచ్చుకున్నావు. ఇది నా తల కాదు, నీ తల కాదు. ఆ పిల్లది. దానికి ఇవ్వమను.”

“ఎనిమిదేళ్ల పిల్లకి తంబువా ఇవ్వడమా?” ఇనోకె మొహం కందగడ్డయింది. “తెలిస్తే దేశమంతా నవ్విపోతారమ్మా!”

“నవ్వనియ్యి పెదనాన్నా,” అంది లైసానీ. “ఊడిన జుట్టు ఎవరిదో వాళ్లకి కాకుండా, బట్టతల ముసలాళ్లు మీరు మీరు ఇచ్చిపుచ్చుకుంటే మాత్రం నవ్వరా?”

 ఎసాలా కూతురి నోట్లో పన్ను లేని సందు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. “కెలేరాని పిలవండి,” అన్నాడు.

తలకి గుడ్డ కట్టుకుని వచ్చింది. మేనమామలూ తాతలూ అందరూ కూచుని ఉంటే నడుం వంచి నడిచింది, పద్ధతిగా. ఇనోకె తెల్లబోయి, అయినా మర్యాద తప్పకుండా, ఆ పిల్ల ముందు తంబువా పట్టుకున్నాడు. మాటలు తడబడ్డాయి. కెలేరా తండ్రిని చూసింది. పన్నును చూసింది.

“వద్దు.”

“విన్నారుగా,” అన్నాడు ఎసాలా. “తీసుకెళ్లండి. మనవరాలూ, కూతురూ ఇక్కడే ఉంటారు.”

తోరికాకి అప్పుడు ఊపిరాడింది. గెలిచాననుకుంది. లేచి పిల్లను లోపలికి తీసుకెళ్దామని చెయ్యి చాచింది. పిల్ల కదలకుండా తాత వైపు తిరిగింది.

“తాతా, నాన్న లాగినందుకు ఇంతమంది పన్ను పట్టుకుని వచ్చారు కదా. అమ్మ లాగినందుకు ఎవరూ రాలేదేం?”

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. తోరికా మొహంలో నెత్తుటిచుక్క లేదు. కిటియోనె గుద్దినప్పుడు కూడా ఆమెకి అంత దెబ్బ తగల్లేదు.

“నేను మానేశాను కదే! ఎప్పుడో మానేశాను! మీ అత్త చెప్పినట్టే కదా చేస్తున్నా... నీ జుట్టు మళ్లీ వచ్చింది కదే!”

“మానేశావు,” అంది కెలేరా. “తప్పయిందని అనలేదు.”

  తోరికా వంటింటి గుమ్మం దిగింది. మగవాళ్ల మధ్యలోంచి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి, పిల్లకన్నా కిందికి వంగి చాప మీద కూచుంది. చేతిలో ఇవ్వడానికి పన్ను లేదు, ఏమీ లేదు. పెద్దల ముందు మర్యాదకి కొట్టినట్టు అరచేతులు గుంట చేసి చప్పట్లు కొట్టింది. ఆ వాచిన పెదవులతో మాటలు సరిగ్గా రాలేదు.

“తప్పయింది తల్లీ. నొప్పెడుతోందని నువ్వు ఏడుస్తుంటే ఇంకా గుంజాను. తెలిసే గుంజాను. తప్పయింది.”

 గాయం దగ్గర గుడ్డ మీదికి నెత్తురు మళ్లీ ఉబుకుతోంది. తోరికా చెయ్యి లేపబోయి మధ్యలో ఆపేసింది.

“నీ తల ముట్టుకోనా?” అని అడిగింది.

కెలేరా ఆ చెయ్యి వైపు చూసింది.

“ఇవాళొద్దు.”

“సరే తల్లీ,” అంది తోరికా, అందరూ వింటుండగా. “రేపు మళ్లీ అడుగుతాను.”